ట్రంకు పెట్టె మీద పేరు, స్టేటస్‌లో తేదీ: సైనిక కుటుంబాల పోస్టుల్లో ఏది సమాచారం అవుతుంది?

2025 ఏప్రిల్ 26న, పహల్గాం దాడి జరిగిన నాలుగు రోజులకు, కేంద్ర సమాచార ప్రసార శాఖ ఒక సూచన జారీ చేసింది. సైనిక చర్యలను, బలగాల కదలికలను ప్రత్యక్ష ప్రసారం చేయొద్దని మీడియాను, సోషల్ మీడియా వాడేవాళ్లను కోరింది. మే 7న ఆపరేషన్ సిందూర్ మొదలయ్యాక ఆ మాట రకరకాల రూపాల్లో వాట్సాప్ గ్రూపులన్నీ చుట్టేసింది. తమాషా ఏమిటంటే, "ఆర్మీ రైళ్ల వీడియోలు పెట్టకండి" అని ఫార్వర్డ్ వచ్చిన గ్రూపులోనే, లెవెల్ క్రాసింగ్ దగ్గర తీసిన గూడ్సు బండి వీడియో కూడా వచ్చి పడేది.

టీవీ చానళ్లకు ఈ సూచన అర్థం చేసుకోవడం కష్టమేమీ కాదు. 2008 ముంబై దాడుల ప్రత్యక్ష ప్రసారాలను 2012లో సుప్రీంకోర్టు కసబ్ తీర్పులో గట్టిగానే తప్పుపట్టింది. చిక్కంతా ఇళ్లలో ఉంది. బెంగళూరు హలసూరు చెరువు పక్కనే సైన్యానికి చెందిన మద్రాస్ ఇంజనీర్ గ్రూప్ (ఎంఈజీ) కేంద్రం ఉంది. దక్షిణాది రాష్ట్రాల నుంచి జవాన్లను తీసుకునే ఈ దళంలో ఆంధ్ర, తెలంగాణ పిల్లలు చాలామంది ఉంటారు. భర్త సరిహద్దులో, భార్యాపిల్లలు ఇక్కడ అద్దె ఇంట్లో. అలాంటి ఇల్లాలు పెళ్లిరోజున యూనిఫాం ఫోటో పెట్టొచ్చా? "ఈయన లీవుకొచ్చారు" అని రాయొచ్చా? "అసలేమీ పెట్టకండి" అని చెప్పడం తేలిక. కానీ ఏడాదిలో పది నెలలు ఫోన్ తెర మీదే సాగే సంసారానికి ఆ సలహా పనికిరాదు.

## అందరికీ తెలిసిన చోటు, తెలియకూడని తేదీ

బెంగళూరులో సైన్యం ఎక్కడుందో దాచడానికేమీ లేదు. ఎంఈజీ కేంద్రానికి బస్సు స్టాపు ఉంది. జాలహళ్లి వైమానిక స్థావరం గోడ వెంటే రోజూ వేలమంది ఆఫీసులకు వెళ్తారు. ఎలహంక స్థావరంలో రెండేళ్లకోసారి ఏరో ఇండియా విమాన ప్రదర్శన జరిగినప్పుడు జనం టికెట్టు కొనుక్కుని మరీ లోపలికి వెళ్లి ఫోటోలు దిగుతారు. కాబట్టి "మా ఆయన ఎంఈజీ" అని చెప్పడం వల్ల శత్రువుకు కొత్తగా తెలిసేది పెద్దగా లేదు.

తెలియనివి వేరే ఉన్నాయి. ఎవరు, ఎప్పుడు, ఎంతమందితో కలిసి బయలుదేరారు, ఏ దారిలో వెళ్లారు, ఎన్నాళ్లకు తిరిగొస్తారు. పీస్ స్టేషన్, అంటే సరిహద్దుకు దూరంగా ఊళ్లలో ఉండే స్థావరం విషయంలో దాచాల్సింది చాలావరకు చోటు కాదు, కాలం. ఫీల్డ్ ఏరియాకు, అంటే సరిహద్దు లాంటి చోట్ల విధులకు వెళ్తే చోటు కూడా ఈ జాబితాలో చేరుతుంది.

ఫీల్డ్‌లో చోటు దాచే పద్ధతి సైన్యంలో ఎప్పటి నుంచో ఉంది. జవానుకు ఉత్తరం రాసినవాళ్లకు ఆ చిరునామా గుర్తుండే ఉంటుంది: నంబరు, ర్యాంకు, పేరు, యూనిట్, 9తో మొదలయ్యే పిన్‌కోడ్, కేరాఫ్ 56 ఏపీఓ (సైనిక తపాలా కార్యాలయం) లేదా 99 ఏపీఓ. అందులో ఊరి పేరే ఉండదు. యూనిట్ ఏ కొండ మీదకు మారినా ఉత్తరాన్ని అక్కడికి చేర్చే బాధ్యత సైనిక తపాలా విభాగానిదే. సరిహద్దులో ఉన్న మనిషికి రాయడానికి సరిహద్దు ఎక్కడో తెలియనక్కర్లేదు. వీడియో కాల్ వచ్చాక ఆ అడ్డు పోయింది. వెనకాల కొండ కనిపిస్తుంది, మంచు కనిపిస్తుంది, స్క్రీన్‌షాట్ తీసుకోవాలనిపిస్తుంది.

ఇలాంటి చిన్న వివరాలను కాపాడుకునే పద్ధతినే ఆపరేషనల్ సెక్యూరిటీ, పొట్టిగా ఆప్‌సెక్ అంటారు. ఇది వియత్నాం యుద్ధంలో, 1966 ప్రాంతంలో రూపుదిద్దుకుంది. అమెరికా బాంబర్లు వస్తున్న సంగతి అవతలివాళ్లకు ముందే ఎలా తెలుస్తోందని ఒక బృందం ఆరా తీసింది. సంకేత భాషలు ఛేదించడం కన్నా, ప్రతి దాడికి ముందు ఒకే తీరులో సాగే మామూలు ఏర్పాట్లు, బాహాటంగా వెళ్లే సందేశాలే ఎక్కువ చెప్పేస్తున్నాయని తేలింది. రహస్యం అని ముద్ర లేని కాగితాలే గుట్టు విప్పాయన్నమాట.

## అయిదు పోస్టులు, ఒక లెక్క

ఒక ఊహా కుటుంబాన్ని తీసుకుందాం. హవల్దార్ భర్త, రెండో తరగతి చదివే పాప, హలసూరు దగ్గర రెండు గదుల ఇల్లు. నెలన్నరలో భార్య పెట్టిన అయిదు పోస్టులు ఇవి.

మొదటిది, స్టీలు డబ్బాల్లో సర్దిన సున్నుండలు, జంతికలు. కింద "ఆదివారం ప్రయాణం, మళ్లీ ఎప్పుడో" అని రాసింది.

రెండోది, స్టేషన్లో కర్ణాటక ఎక్స్‌ప్రెస్ ముందు కుటుంబం ఫోటో. భర్త కాళ్ల దగ్గర నల్ల ట్రంకు పెట్టె. జవాన్ల పెట్టెల మీద మామూలుగా ఉన్నట్టే దీని మీద కూడా తెల్ల పెయింటుతో నంబరు, ర్యాంకు, పేరు, యూనిట్ రాసి ఉన్నాయి. పక్కన అలాంటివే ఇంకో మూడు పెట్టెలు.

మూడోది, పాపకు డ్రాయింగ్ పోటీలో బహుమతి. మెడలో స్కూలు ఐడీ కార్డు, సెక్షన్‌తో సహా చదవొచ్చు.

నాలుగోది, ఆడవాళ్ల షాపింగ్ గ్రూపులో ఒక ప్రశ్న: "మైనస్ ఇరవై చలికి ఏ కంపెనీ సాక్సులు బాగుంటాయి?"

అయిదోది, ఒక రాత్రి పెట్టిన స్టేటస్. "పన్నెండు రోజులైంది, ఫోన్ లేదు. టెన్షన్‌గా ఉంది." కింద ఒకామె జవాబు: "మా ఆయన కూడా చేయలేదు అక్కా, అదే రోజు నుంచి."

విడివిడిగా చూస్తే వీటిలో ఏదీ నేరం కాదు, రహస్యమూ కాదు. ముగ్గులో చుక్కల్లాంటివి. కలిపే చెయ్యి ఉంటే చాలు, ఆకారం వచ్చేస్తుంది. పెట్టె చెప్పింది ఎవరు, ఏ యూనిట్ అని. ఆదివారం అన్న మాట తేదీ చెప్పింది. రైలు దిక్కు చెప్పింది, పక్కనున్న పెట్టెలు ఒంటరి ప్రయాణం కాదన్నాయి. సాక్సుల ప్రశ్న ఎత్తయిన మంచు ప్రాంతమని చెప్పింది. ఐడీ కార్డు భార్యాపిల్లలు ఎక్కడుంటారో చెప్పింది, ప్రయాణం పోస్టు ఇంట్లో మగదిక్కు లేదని చెప్పేసింది.

నన్నడిగితే ఈ మొత్తంలో అన్నిటికన్నా విలువైనది అయిదో పోస్టు కింద వచ్చిన జవాబు. ఒక ఇంటికి ఫోన్ రాకపోవడానికి వంద కారణాలుంటాయి, సిగ్నల్ లేకపోవచ్చు, ఫోన్ పాడై ఉండొచ్చు. ఒకే యూనిట్‌కు చెందిన ఆరు ఇళ్లకు ఒకే రోజు నుంచి ఫోన్లు ఆగిపోయాయంటే అది యూనిట్ కదలికే. పైగా ఆ వివరం ఏ ఫోటోలోనూ లేదు, ఒకరినొకరు ఓదార్చుకునే మాటల్లో ఉంది. ఆ ఓదార్పు ఎదురెదురుగా కూర్చుని జరిగితే ఏ గొడవా లేదు. వందల మంది చూసే చోట జరిగినందుకే అది సమాచారమైంది.

## ఫోటోలో కంటికి కనిపించనివి

ఫోన్‌తో ఫోటో తీసినప్పుడు ఆ ఫైల్లో తేదీ, సమయం, ఫోన్ మోడల్ చేరతాయి. కెమెరాకు లొకేషన్ అనుమతి ఇచ్చి ఉంటే అక్షాంశ రేఖాంశాలు కూడా చేరతాయి. దీన్నే మెటాడేటా అంటారు. దీనివల్ల జరిగిన నష్టానికి అమెరికా సైన్యం చెప్పే ఉదాహరణ 2007 ఇరాక్‌ది. స్థావరానికి కొత్త హెలికాప్టర్లు వచ్చాయి, సైనికులు ఫోటోలు తీసి నెట్‌లో పెట్టారు, వాటిలో ఉన్న లొకేషన్ చూసి మోర్టార్లతో దాడి చేశారు, నాలుగు అపాచీ హెలికాప్టర్లు ధ్వంసమయ్యాయి.

ఇప్పుడు పరిస్థితి కొంత మారింది. వాట్సాప్‌లో ఫోటోను మామూలుగా పంపితే, ఫేస్‌బుక్‌లో పెడితే, చూసేవాళ్లకు ఆ లొకేషన్ వివరాలు అందవు. కానీ "క్లారిటీ పోతోంది" అని అదే ఫోటోను డాక్యుమెంట్‌గా పంపితే ఫైలు ఉన్నదున్నట్టు వెళ్తుంది, లొకేషన్‌తో సహా. పెళ్లి ఫోటోలు ఇలా పంపుకునే అలవాటు మన ఇళ్లలో బాగా ఉంది. లొకేషన్ చెరిగిపోయినా ఫోటోలో కొండ అంచు, బోర్డు మీది అక్షరాలు, నీడ పడిన దిక్కు అలాగే ఉంటాయి. వీటిని ఉపగ్రహ చిత్రాలతో పోల్చి చోటు పట్టేసే పనిని ఇప్పుడు ఇంట్లో కూర్చున్న ఔత్సాహికులు కూడా చేస్తున్నారు.

ఫోటోనే తీయకపోయినా జాడ మిగలొచ్చు. పరుగు, సైక్లింగ్ నమోదు చేసే స్ట్రావా యాప్ 2017 నవంబరులో తన వినియోగదారులు తిరిగిన దారులన్నిటినీ కలిపి ప్రపంచ పటంగా విడుదల చేసింది. పేర్లు లేవు, వెలుగు గీతలు మాత్రమే. 2018 జనవరిలో ఆస్ట్రేలియా విద్యార్థి ఒకరు గమనించేదాకా ఎవరికీ తట్టలేదు: సిరియా, అఫ్గానిస్తాన్ ఎడారుల చీకట్లో మెరుస్తున్న ఆ చిన్న చిన్న గీతలు, స్థావరాల్లో సైనికులు పొద్దున్నే జాగింగ్ చేసిన దారులు. అక్కడ ఎవరూ ఏదీ పోస్ట్ చేయలేదు. చేతి గడియారమే ఆ పని చేసింది.

## చూసేవాళ్లు ఎవరు?

"మా ఇంటి ఫోటోలు చూసి పాకిస్తాన్ ఏం చేసుకుంటుంది?" అని నవ్వేవాళ్లున్నారు. తెలుగువాళ్లకు దగ్గర్లోనే ఒక కేసుంది. 2019 డిసెంబరులో ఆంధ్రప్రదేశ్ ఇంటెలిజెన్స్ విభాగం, కేంద్ర, నౌకాదళ నిఘా వర్గాలతో కలిసి ఆపరేషన్ డాల్ఫిన్స్ నోస్ పేరుతో ఏడుగురు నౌకాదళ సిబ్బందిని, ఒక హవాలా వ్యాపారిని అరెస్టు చేసింది. ఫేస్‌బుక్‌లో ఆడవాళ్ల పేరుతో పరిచయాలు పెంచుకుని, ఓడల రాకపోకల వివరాలు రాబట్టారన్నది ఆరోపణ. కేసు తర్వాత జాతీయ దర్యాప్తు సంస్థ ఎన్ఐఏకు వెళ్లింది. ఆ నెలాఖరులోనే నౌకాదళం స్థావరాల్లో, ఓడల మీద స్మార్ట్‌ఫోన్లనూ సోషల్ మీడియానూ నిషేధించింది.

అది సిబ్బంది కథ, కుటుంబాలది కాదు. అయినా ఇలాంటి పరిచయాలు గాల్లోంచి మొదలు కావు. ముక్కూమొహం తెలియని మనిషి "మీ పాప డ్రాయింగ్ బాగా వేస్తుందటగా" అంటే ఎవరికైనా ముందు కలిగేది నమ్మకమే. ఆ మాట అనడానికి కావాల్సిన సరుకు ఇంటి పోస్టుల్లో దొరుకుతుంది.

నిజానికి బెంగళూరులో ఉన్నవాళ్లకు గూఢచారి కన్నా ముందు తగిలేది మోసగాడు. ఇల్లు అద్దెకిస్తామని నెట్‌లో ప్రకటన పెట్టి చూడండి. "జమ్మూ నుంచి బెంగళూరుకు ట్రాన్స్‌ఫర్ అయ్యింది, ఇల్లు చూడక్కర్లేదు, అడ్వాన్సు ఇప్పుడే పంపిస్తా" అంటూ హిందీలో ఫోన్ రావచ్చు. యూనిఫాంలో ఫోటో, ఐడీ కార్డు, క్యాంటీన్ కార్డు, ఆధార్ వరసగా వాట్సాప్‌లో వస్తాయి. ఆ తర్వాత "ఆర్మీ పేమెంట్ పద్ధతి వేరు, ముందు మీరు కొంత పంపాలి, క్యూఆర్ కోడ్ స్కాన్ చేయండి" అంటారు. స్కాన్ చేసి పిన్ కొడితే డబ్బు రాదు, పోతుంది. ఇక్కడ గమనించాల్సింది, ఆ ఐడీ కార్డు మీదున్న మొహం చాలాసార్లు నిజమైన జవానుదే అవుతుంది. అతని కార్డు ఫోటో ఎక్కడో ఒకచోట చేజారింది. ఇంటి యజమాని డబ్బు పోగొట్టుకుంటాడు, ఏ పాపం తెలియని జవాను పేరు పోలీసు ఫిర్యాదులోకి ఎక్కుతుంది.

## చట్టం ఇంటి గడప దాటుతుందా?

ఇక్కడ రెండు వేర్వేరు కట్టుబాట్లను జనం కలిపేస్తుంటారు. జవాను సైనిక చట్టాల కింద ఉంటాడు. రాజ్యాంగంలోని 33వ అధికరణం ప్రకారం సాయుధ బలగాల సభ్యుల ప్రాథమిక హక్కులను పార్లమెంటు కుదించవచ్చు. అందుకే ఫలానా యాప్ వాడొద్దని సైన్యం అతనికి ఆజ్ఞ ఇవ్వగలదు. 2020 జులైలో ఫేస్‌బుక్, ఇన్‌స్టాగ్రామ్ సహా 89 యాప్‌లను తీసేయాలని ఆజ్ఞ ఇచ్చింది కూడా. ఆ నిబంధనలు తర్వాత మారుతూ వచ్చాయి.

అతని భార్యకు, తల్లికి, తమ్ముడికి ఆ ఆజ్ఞ వర్తించదు. వాళ్లు మామూలు పౌరులు, 19వ అధికరణం ఇచ్చే భావప్రకటన స్వేచ్ఛ వాళ్లకు పూర్తిగా ఉంది. దేశ భద్రత కోసం పెట్టే సహేతుక పరిమితులు మాత్రం అందరితో పాటు వాళ్లకూ ఉంటాయి. 1923 నాటి అధికార రహస్యాల చట్టం యూనిఫాం ఉన్నవాళ్లకూ లేనివాళ్లకూ ఒకటే. దేశ భద్రతకు హాని కలిగించే ఉద్దేశంతో సైనిక వివరాలు సేకరించినా చేరవేసినా 3వ సెక్షన్ కింద 14 ఏళ్ల దాకా శిక్ష పడొచ్చు. స్టేషన్లో ఫోటో దిగి స్టేటస్ పెట్టడం, గూఢచర్యం చేయడం ఒకటి కావు. అయితే చట్టానికి చిక్కకపోవడం వేరు, ప్రమాదం లేకపోవడం వేరు. అయిదు పోస్టుల ఇల్లాలు ఆ సెక్షన్‌కు దొరక్కపోవచ్చు. ఆమె భర్త యూనిట్ మాత్రం దొరుకుతుంది.

## నిషేధమా, నమ్మకమా?

89 యాప్‌ల ఆజ్ఞను ఒక లెఫ్టినెంట్ కల్నల్ ఢిల్లీ హైకోర్టులో సవాలు చేశారు. దూరంగా ఉన్న కుటుంబంతో, స్నేహితులతో కలిసి ఉండటానికి ఫేస్‌బుక్కే తనకు ఆధారమని వాదించారు. భద్రత విషయంలో సైన్యం నిర్ణయమే చెల్లుతుందన్న ధోరణిలో కోర్టు 2020 ఆగస్టులో పిటిషన్ కొట్టేసింది. చట్టం సంగతి అలా తేలింది కానీ, ఆయన ఎత్తిన బాధ తేలిపోలేదు. నెలల తరబడి మంచులో ఉండే మనిషికి పాప డ్రాయింగ్ చూడటం విలాసం కాదు.

ఇంకో వాదన సాంకేతికమైనది. పైన ఉపగ్రహాలు ఉండగా, ఎలహంక రన్‌వే గూగుల్ మ్యాప్స్‌లో కనిపిస్తుండగా, ఇంటి ఫోటోలు దాచి లాభమేంటి అంటారు. సగం నిజమే. రన్‌వే ఎక్కడుందో ఉపగ్రహం చెబుతుంది. దాని మీద నుంచి వెళ్లినవాళ్ల పిల్లలు ఏ స్కూల్లో చదువుతారో, వాళ్లు ఉగాదికి తిరిగొస్తారో లేదో చెప్పదు.

మూడో వాదన కొంచెం చేదుగా ఉంటుంది. 2023 జనవరి 1న ఉక్రెయిన్‌లోని మకీవ్కాలో రష్యా సైనికులున్న భవనం మీద క్షిపణులు పడ్డాయి. 89 మంది చనిపోయారని, నిషేధం ఉన్నా సైనికులు మొబైళ్లు వాడటమే ప్రధాన కారణమని రష్యా రక్షణశాఖ ప్రకటించింది. అక్కడి యుద్ధ వ్యాఖ్యాతలు కొందరు ఒప్పుకోలేదు. అంతమందిని ఒకే భవనంలో కుక్కిన అధికారుల మాటేమిటని నిలదీశారు. తప్పు జరిగినప్పుడు కింది మనిషి ఫోన్ మీదకు నెట్టేయడం పైవాళ్లకు ఎప్పుడూ సులువే. కుటుంబాల జాగ్రత్త గురించి మాట్లాడేటప్పుడు ఈ సంగతి కూడా మనసులో ఉండాలి. స్టేటస్ పెట్టిన ఇల్లాలు ఎన్నో గొలుసుల్లో ఒక లంకె మాత్రమే.

అమెరికా సైన్యం కుటుంబాలకు ఆప్‌సెక్ శిక్షణ ఇస్తుంది, చేతి పుస్తకాలు పంచుతుంది. నిషేధం సిబ్బంది దగ్గరే ఆగిపోతుంది కాబట్టి, కుటుంబాల వరకు వచ్చేసరికి అర్థమయ్యేలా చెప్పడం తప్ప ఎవరికైనా వేరే దారి లేదని నాకనిపిస్తుంది. పైన చూసిన అయిదు పోస్టుల్లో మూడింటికి తేదీ తీసేస్తే చాలు, బొమ్మ చెదిరిపోతుంది. సున్నుండల ఫోటో ప్రయాణమైపోయిన నెలకు పెట్టినా అన్నే లైకులొస్తాయి.

## చుట్టాల చిక్కు

ఇంతా చేసి, ఇల్లాలు జాగ్రత్తగా ఉన్నా పోస్టు వేరేచోట పుడుతుంది. ఊళ్లో బాబాయి, రిటైరైన మామయ్య, "మా ఊరి వీర జవాను" అని పొంగిపోయే యువజన సంఘం. కొడుకు ఏ సెక్టార్‌కు వెళ్లాడో తండ్రి టీ కొట్టు దగ్గర చెబుతాడు. సాయంత్రానికి అది ఊరి గ్రూపులో ఉంటుంది, యూనిఫాం ఫోటోతో, పోస్టింగ్ పేరుతో. ఇక్కడి నుంచి కోడలు ఫోన్ చేసి "మామయ్యా, ఆ ఫోటో కొంచెం తీయించరా" అంటే "ఏం తప్పు రాశారమ్మా, పొగిడారు కదా" అని నొచ్చుకుంటారు. గర్వానికి కళ్లెం వేయమని పెద్దవాళ్లకు చెప్పడం, ఫోన్లో సెట్టింగ్ మార్చినంత సులువు కాదు.

సెట్టింగులకున్న హద్దు కూడా ఇదే. వాట్సాప్ స్టేటస్ ఎవరు చూడాలో ఎంచుకోవచ్చు. ఫేస్‌బుక్‌లో ఇతరులు ట్యాగ్ చేసినవి మన టైమ్‌లైన్ మీదకు రాకుండా ఆపొచ్చు, కానీ వాళ్ల గోడ మీద నుంచి తీయలేం. వాట్సాప్‌లో పంపిన సందేశాన్ని ఎవరికీ కనబడకుండా తొలగించడానికి 2022 నుంచి రెండు రోజులకు పైగా గడువుంది. గ్రూపు అడ్మిన్ కూడా ఇతరులు పెట్టినవి తీసేయగలడు, అంటే మామయ్య ఒప్పుకోకపోయినా అడ్మిన్ కుర్రాడు ఒప్పుకుంటే పని జరుగుతుంది. ఆలోపు పక్క గ్రూపుకు ఫార్వర్డ్ అయిపోయిన కాపీ మాత్రం ఆ తొలగింపుతో పోదు.